చలికి అడుగు ఉంది సరే, వేడికి పై హద్దు ఉందా?

ఆమదాలవలస దగ్గర హైస్కూల్లో సైన్సు చెప్పే మాస్టారు ఒకరు అడిగిన ప్రశ్న ఇది. పదో తరగతి అమ్మాయి క్లాసులో లేచి, "మైనస్ 273.15 డిగ్రీల కంటే కిందకి చలి వెళ్లదన్నారు కదండీ, మరి పైకి వేడి ఎంతదాకా వెళ్తుంది?" అందట. ఆయన ఇంటికెళ్లి వెతికితే మూడు రకాల జవాబులు దొరికాయి. కాంతి వేగాన్ని ఏదీ దాటలేదు కాబట్టి ఉష్ణోగ్రతకీ హద్దు ఉండి తీరాలని ఒకరు. ప్లాంక్ ఉష్ణోగ్రతే ఆఖరని ఇంకొకరు. మైనస్ కెల్విన్లే అన్నిటికన్నా వేడి అని మూడోవారు. "ఈ మూడింట్లో పిల్లలకి ఏది చెప్పమంటారు? క్లాసులో చూపించగలిగేది ఏదైనా ఉంటే అదీ చెప్పండి" అన్నారు.

ముందు జవాబు చెప్పేస్తాను మాస్టారూ. ఇప్పటిదాకా తెలిసిన భౌతికశాస్త్రంలో, ఉష్ణోగ్రత ఇంతకు మించకూడదని చెప్పే నియమం ఏదీ లేదు. కింద సున్నా కెల్విన్ (అదే మైనస్ 273.15 డిగ్రీలు) ఉన్నట్టు పైన అలాంటి గోడ లేదు. ఇదే హద్దు అని ఎవరు ఎక్కడ గీత గీసినా, చివరికి అది వేడెక్కుతున్న పదార్థం హద్దో, కొలిచే పరికరం హద్దో, మన లెక్కల హద్దో అని తేలుతూ వచ్చింది. మీకు దొరికిన మూడు జవాబుల్లో మొదటిది తప్పు, రెండోది సగం నిజం, మూడోది నిజమే గానీ వినగానే అనుకునే అర్థంలో కాదు.

నేను ఫిజిక్సులో ఎమ్మెస్సీ చదివి, గరివిడి వైపు ఒక ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. ఫర్నేసు ఎంత వేడిగా ఉందో చెప్పడమే నా ఉద్యోగం. ఇప్పుడు విజయనగరంలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్సు చెబుతున్నాను. అందుకే ఈ ప్రశ్నని సిద్ధాంతం వైపు నుంచి కాక ఫర్నేసు వైపు నుంచి మొదలుపెడతాను.

మాంగనీసు ఖనిజం, కోకు కలిపి ఫర్నేసులో వేసి, మూడు లావుపాటి కార్బన్ ఎలక్ట్రోడ్ల ద్వారా కరెంటు పంపిస్తారు. టాపింగ్ టైములో కింద కన్నం తెరిస్తే మెటలూ, దాని మీద తేలే చిట్టెమూ కలిసి లాడిల్ అనే పెద్ద తొట్టిలోకి పారతాయి. ఆ మెటల్ 1,400 డిగ్రీల అటూ ఇటూ ఉంటుంది. దాన్ని కొలవడానికి పొడుగాటి ఇనప గొట్టం చివర అట్ట గొట్టం ఒకటి తొడుగుతాం. అట్ట గొట్టం మొనలో చిటికెన వేలి గోరంత క్వార్ట్జ్ వంపు, అందులో ప్లాటినం, రోడియం కలిసిన సన్నని తీగలు. దాన్ని మెటల్లో ముంచిన నాలుగైదు సెకన్లలో మీటరు మీద అంకె ఎగబాకి ఒక్కచోట నిలబడుతుంది. ఆ నిలబడ్డ అంకే మనకి కావలసింది. ఈలోగా అట్ట మండుతూ ఉంటుంది. బయటికి లాగి ఆ మొనని పారేయడమే, రెండోసారి పనికిరాదు. కొలత పరికరం కాలిపోయేలోపు కొలత పూర్తవ్వాలి, ఆ పని అంతే.

ఇలా రెండు రకాల తీగలు కలిపి వేడి కొలిచే సాధనాన్ని థర్మోకపుల్ అంటారు. అదే పని చేయడానికి మామూలు కె-టైపు థర్మోకపుల్ వాడితే 1,260 డిగ్రీల దగ్గర దాని పని అయిపోతుంది. ప్లాటినం రకాలు 1,700 దాకా లాక్కొస్తాయి. టంగ్‌స్టన్, రీనియం తీగలైతే 2,300 దాకా. అక్కడితో ముట్టుకుని కొలిచే కథ ముగుస్తుంది. థర్మామీటర్లకి హద్దు ఉంది కదా అని వేడికి హద్దు ఉందనుకోకూడదు. ముట్టుకోకుండా కొలిచే పద్ధతి చాలాకాలంగానే ఉంది.

మా దగ్గర పాత పైరోమీటరు ఒకటి ఉండేది. దూరదర్శినిలా కంటికి ఆనించి చూస్తే, ఎర్రగా వెలిగే లోహానికి అడ్డంగా సన్నటి ఫిలమెంటు కనిపిస్తుంది. కరెంటు తక్కువైతే ఫిలమెంటు నల్లటి గీతలా ఉంటుంది. ఎక్కువైతే లోహం కంటే మెరుస్తుంది. నాబ్ తిప్పుతూ పోతే ఒకచోట ఫిలమెంటు మాయమైపోతుంది. అంటే రెండూ ఒకే వెలుగులో ఉన్నాయి. అప్పుడు స్కేలు చదువుకోవడమే. శ్రీకాకుళం జిల్లా బుడితిలో ఇత్తడి పోత పోసే కంచరి వాళ్లు మూసలో లోహం రంగు చూసి "ఇంక పొయ్యొచ్చు" అంటారే, సూత్రం అదే. ఆ పైరోమీటరులో కంటికి తోడుగా ఒక స్కేలు చేరింది, అంతే తేడా. (దీంట్లోనూ తలనొప్పులు లేకపోలేదు. మెటల్ మీద చిట్టెం పొర ఉంటే ఒక అంకె, పొర చెదిరితే ఇంకో అంకె. పొగ అడ్డొస్తే మూడో అంకె. షిఫ్టు ఇన్‌చార్జికి ఏ అంకె చెప్పాలన్నదే అసలు టెన్షన్.)

ఇత్తడి సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. ఇత్తడి 900 పైచిలుకు డిగ్రీల దగ్గర కరుగుతుంది. అందులో ఉన్న జింకు విడిగా అయితే 907 డిగ్రీలకే మరిగిపోతుంది. అందుకని మూసని అవసరానికి మించి వేడి చేస్తే తెల్లటి పొగ లేస్తుంది. అది జింకు ఆవిరై, గాలిలో మండి, ఆక్సైడుగా మారి ఎగిరిపోవడం. ఇంకా వేడి చేస్తూ పోతే ఇత్తడి అన్నది మిగలదు, రాగి మిగులుతుంది. వేడి ఎక్కడా ఆగలేదు, ఇత్తడి ఆగిపోయింది. ఈ ఉదాహరణ గుర్తుపెట్టుకోండి, లక్షల కోట్ల డిగ్రీల దగ్గర దీన్నే మళ్లీ చూస్తాం.

పదార్థాలన్నిట్లో గట్టిపిండాల జాబితా తీస్తే, లోహాల్లో టంగ్‌స్టన్ 3,422 డిగ్రీల దాకా కరగకుండా నిలుస్తుంది. టాంటలం కార్బైడ్, హాఫ్నియం కార్బైడ్ లాంటివి ఇంకొంచెం పైకి. నాలుగు వేల డిగ్రీల చుట్టుపక్కలకి వచ్చేసరికి, మామూలు పీడనంలో, ఘనపదార్థం అన్న మాటే చెల్లదు. ఆ పైన ద్రవం, ఆవిరి, తర్వాత అణువులు విడిపోయి, పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోయి ప్లాస్మా. మా ఫర్నేసు ఎలక్ట్రోడ్ల కింద వెలిగే ఆర్క్ అలాంటిదే, అది ఎన్నో వేల డిగ్రీలు ఉంటుంది. ఎంత వేడికి ఏ మూలకం ఎన్ని ఎలక్ట్రాన్లు వదులుకుంటుందో మేఘనాద్ సాహా 1920లో సమీకరణం రాసి ఇచ్చారు. నక్షత్రం వెలుగుని రంగులుగా విడదీస్తే కనిపించే గీతలు చూసి దాని ఉపరితలం వేడి చెప్పడం అప్పటి నుంచి లెక్కగా మారింది. అంతకు ముందు 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణానికి ఫ్రాన్సు నుంచి జాన్సన్ అనే ఖగోళ శాస్త్రవేత్త వచ్చి మన గుంటూరులో మకాం వేసి చూసింది కూడా సూర్యుడి అంచున లేచే మంటల వెలుగులోని గీతలనే. సూర్యుడి ఉపరితలం సుమారు 5,500 డిగ్రీలు. నడిబొడ్డు సుమారు కోటిన్నర డిగ్రీలు.

మరి కింద మాత్రం ఎందుకు హద్దు ఉంది? వాయువులో ఉష్ణోగ్రత అంటే అణువుల అస్తవ్యస్తపు కదలికకి ఉన్న సగటు శక్తిని బట్టి వచ్చే అంకె. మీ క్లాసు గదిలో గాలి అణువులు సెకనుకి సుమారు అర కిలోమీటరు వేగంతో తిరుగుతున్నాయి. చల్లబరచడమంటే ఆ శక్తిని బయటికి తీయడం. తీయగలిగినదంతా తీసేశాక ఇంక తీయడానికి ఏముంటుంది? అక్కడే సున్నా కెల్విన్. ఇవ్వడానికి అలాంటి అడ్డు లేదు. ఉన్నది తీస్తూ పోతే ఎక్కడో అయిపోతుంది. పెరగడం ఎంతైనా పెరగొచ్చు.

ఇప్పుడు కాంతి వేగం వాదనకి వద్దాం. పిల్లల్లో తెలివైనవాళ్లకి ముందుగా తట్టేది ఇదే కాబట్టి దీని దగ్గర కాస్త ఆగాలి. వేడి అంటే కణాల వేగం, వేగానికి హద్దు ఉంది, కాబట్టి వేడికీ హద్దు. వినడానికి బాగానే ఉంది. లోపం ఎక్కడంటే, ఉష్ణోగ్రత ముడిపడింది శక్తితో, వేగంతో కాదు. మామూలు వేగాల దగ్గర రెండూ కలిసే పెరుగుతాయి. కాంతి వేగానికి దగ్గరయ్యాక విడిపోతాయి.

జెనీవా దగ్గర సెర్న్‌లో ఉన్న లార్జ్ హాడ్రాన్ కొలైడర్ లెక్క చూడండి. ప్రోటాన్లు ఆ పెద్ద రింగులోకి వచ్చేసరికే 450 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తిని కొలిచే ప్రమాణం ఇది) శక్తితో ఉంటాయి. అప్పటికే వాటి వేగం కాంతి కంటే సెకనుకి 650 మీటర్లే తక్కువ. అక్కడి నుంచి శక్తిని 6,800 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల దాకా, అంటే 15 రెట్లు పెంచుతారు. ఇంత చేశాక వేగం ఎంత పెరిగిందయ్యా అంటే, ఆ 650 మీటర్ల లోటు దాదాపు 3 మీటర్లకి తగ్గింది. శక్తి 15 రెట్లు పెరిగింది, వేగం మాత్రం దాదాపు మునుపున్నంతే. ఇంకో వెయ్యి రెట్లు శక్తి ఇచ్చినా ఆ లోటు ఇంకా తగ్గుతుంది గానీ సున్నా కాదు. శక్తి పెరగడానికి చోటు ఎప్పుడూ ఉంటుంది, కాబట్టి ఉష్ణోగ్రతకీ ఉంటుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. కొలైడర్లో పరుగెత్తే ప్రోటాన్ల గుంపుకి "ఇన్ని డిగ్రీలు" అని ఉష్ణోగ్రత అంటగట్టకూడదు. అవన్నీ ఒకే దిక్కుకి క్రమశిక్షణగా పోతున్నాయి. ఉష్ణోగ్రత అనాలంటే శక్తి కణాల మధ్య అడ్డదిడ్డంగా పంచుకోబడి, ఒక సర్దుబాటుకి రావాలి. ఢీకొన్నాక వచ్చే ముద్దకి ఆ మాట వాడొచ్చు. అలాగే ఉష్ణోగ్రత ఎక్కువ ఉన్నచోటల్లా ఒళ్లు కాలుతుందని కూడా లేదు. భూమికి కొన్ని వందల కిలోమీటర్ల పైన గాలి ఉష్ణోగ్రత వెయ్యి డిగ్రీలకి చేరుతుంది. అక్కడ అణువులు ఎంత పలచగా ఉంటాయంటే ఆ వేడి ఒంటికి తగలనే తగలదు.

హద్దులు నిజంగా ఉండే చోట్లు కొన్ని ఉన్నాయి, అవీ చెప్పాలి. అవన్నీ వేడి ఎక్కడి నుంచి తెస్తున్నాం అన్నదాన్ని బట్టి వచ్చేవి. మంటతో అయితే ఇంధనం మండితే వచ్చే శక్తి ఎంతో, అది ఎంత పొగని వేడి చేయాలో, ఆ రెండింటి లెక్కలోనే పైమెట్టు తేలిపోతుంది. వెల్డింగు షాపులో ఆక్సిజన్, ఎసిటిలిన్ మంట మూడు వేల పైచిలుకు డిగ్రీల దగ్గర ఆగేది అందుకే. భూతద్దంతో కాగితం కాల్చే ఆట పిల్లలందరికీ తెలుసు. ఆ అద్దాన్ని ఎంత పెద్దది చేసినా, ఎన్ని అద్దాలు పెట్టినా, ఆ చుక్క సూర్యుడి ఉపరితలం కంటే, అంటే 5,500 డిగ్రీల కంటే వేడెక్కదు. ఎక్కితే చల్లని చోటు నుంచి వేడి చోటుకి వేడి తనంతట తానే ప్రవహించినట్టు అవుతుంది, ఉష్ణగతిక రెండో నియమం ఒప్పుకోదు. ఇక్కడ అడ్డొచ్చింది సూర్యుడి ఉపరితలం. విద్యుత్తుతో, అయస్కాంతాలతో, ఢీకొట్టడంతో శక్తి ఇస్తే ఈ అడ్డు వర్తించదు.

ఫ్యాక్టరీ అనుభవంలో ఇంకో అడ్డంకి ఉంది. వస్తువు వెలువరించే వికిరణం కెల్విన్ ఉష్ణోగ్రత నాలుగో ఘాతంతో పెరుగుతుంది. వేడి రెట్టింపైతే బయటికి పోయే శక్తి 16 రెట్లు. అందుకే 1,400 నుంచి 1,600కి ఎక్కడానికే కరెంటు బిల్లు చూసి మేనేజరు గుండె పట్టుకుంటాడు. ఇది ఖర్చు హద్దు. ప్రకృతి పెట్టిన హద్దు కాదు.

మనుషులు ఎంతవరకు వెళ్లారు? సంలీన ప్రయోగాల్లో, అంటే తేలికైన పరమాణు కేంద్రకాలను కలిపే ప్రయోగాల్లో, ప్లాస్మాని అయస్కాంత క్షేత్రంలో గోడకి తగలకుండా పట్టి ఉంచి 10 కోట్ల డిగ్రీలు దాటించారు. గాంధీనగర్ దగ్గరి ప్లాస్మా పరిశోధన సంస్థలో ఆదిత్య అనే యంత్రం ఈ రకానిదే. మన దేశం కూడా భాగస్వామిగా ఫ్రాన్సులో కడుతున్న ఐటర్ లక్ష్యం 15 కోట్ల డిగ్రీలు, సూర్యుడి నడిబొడ్డుకి పది రెట్లు. ప్రకృతిలో అయితే, పెద్ద నక్షత్రం కూలిపోయి పేలేటప్పుడు లోపల వేల కోట్ల డిగ్రీలు పుడతాయి. 1987 ఫిబ్రవరిలో అలాంటి పేలుడు నుంచి వచ్చిన న్యూట్రినోలను జపాన్‌లోనూ అమెరికాలోనూ పట్టుకున్నారు. వాటి శక్తిని బట్టే లోపలి వేడి తెలిసింది.

అన్నిటికంటే పైమెట్టు బరువైన పరమాణు కేంద్రకాలను ఢీకొట్టినప్పుడు. అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో బంగారం కేంద్రకాలను ఢీకొట్టి, అక్కడ పుట్టిన ముద్ద 4 లక్షల కోట్ల డిగ్రీల దగ్గర ఉందని 2010లో చెప్పారు. తర్వాత సెర్న్‌లో సీసం కేంద్రకాలతో ఐదున్నర లక్షల కోట్లకి వెళ్లారు. ఒక పరమాణు కేంద్రకం అంత ముద్ద, కళ్లు మూసి తెరవడంతో పోల్చడానికి కూడా వీల్లేనంత తక్కువ సేపు ఉంటుంది. దాని వేడి ఎలా కొలిచారు? ఆ ముద్ద నుంచి వెలువడిన కాంతి కణాల శక్తిని లెక్కగట్టి. అంటే పాత పైరోమీటరు కంటికి ఆనించి మేం చేసిన పనే. నాకైతే ఆ వార్త చదివినప్పుడు భలే సరదాగా అనిపించింది.

ఈ లక్షల కోట్ల డిగ్రీల చోటే ఒకప్పుడు అందరూ ఇదే పై హద్దు అనుకున్నారు. నాకు ఈ విషయం మొత్తంలో బాగా నచ్చే భాగం ఇది. సెర్న్‌లో పనిచేసిన రోల్ఫ్ హాగెడోర్న్ 1965లో ఒక సంగతి గమనించాడు. ప్రోటాన్లు, పయాన్లు, వాటి బరువైన చుట్టాలు ఉన్నాయి కదా, వీటిలో బరువు పెరిగేకొద్దీ రకాల సంఖ్య విపరీతంగా, ఘాతీయంగా పెరుగుతూ పోతోంది. అలాంటి కణాల గుంపుకి శక్తి పోస్తే ఏమవుతుంది? ఉన్న కణాలు ఇంకా వేగంగా కదలడానికి బదులు, ఆ శక్తి కొత్త కొత్త బరువైన కణాలు పుట్టడానికి ఖర్చైపోతుంది. ఎంత పోసినా కణాలు పెరుగుతాయే తప్ప ఉష్ణోగ్రత పెరగదు. పొయ్యి మీద ఎసరు మరిగేటప్పుడు మంట ఎంత పెంచినా 100 డిగ్రీల దగ్గరే ఉండిపోయి ఆవిరి ఎక్కువవుతుందే, అలా. ఆయన లెక్కలో ఆ అంకె సుమారు 1.8 లక్షల కోట్ల డిగ్రీలు. విశ్వంలో ఇంతకన్నా వేడి ఉండదు అన్నారు.

పదేళ్లు తిరిగేసరికి, 1975లో, కబీబో, పారిసీ అనే ఇద్దరు ఇటలీ శాస్త్రవేత్తలు దాన్ని ఇంకోలా చదివారు. (ఈ పారిసీకే వేరే పనికి 2021లో నోబెల్ వచ్చింది.) ఎసరు ఆగిన చోటే వేడి ఆగిపోదు కదా, నీళ్లన్నీ ఆవిరయ్యాక ఆ ఆవిరి 100 దాటి ఎక్కుతుంది. అలాగే ఆ అంకె దగ్గర ప్రోటాన్లు, న్యూట్రాన్లు అన్న రూపమే కరిగి, లోపలి క్వార్కులు విడివడతాయి. ఆ తర్వాత ఉష్ణోగ్రత మళ్లీ ఎక్కడం మొదలుపెడుతుంది. బ్రూక్‌హేవెన్, సెర్న్ కొలతలు ఆ గీత దాటినవే. మూసలో ఇత్తడికి ఏమైందో గుర్తుందా? ఇక్కడ ప్రోటాన్ ఆగిపోయింది, వేడి ముందుకెళ్లింది.

మరి ప్లాంక్ ఉష్ణోగ్రత? 14 పక్కన 31 సున్నాలు పెడితే వచ్చేన్ని కెల్విన్లు. కాంతి వేగం, గురుత్వ స్థిరాంకం, ప్లాంక్ స్థిరాంకం, బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకం, ఈ నాలుగింటినీ కలిపి ఉష్ణోగ్రత ప్రమాణం వచ్చేలా అమర్చితే తేలే అంకె ఇది. మాక్స్ ప్లాంక్ 1899లో ఇలాంటి సహజ ప్రమాణాలను ప్రతిపాదించాడు. అంటే పుట్టుకతోనే ఇది ఒక కొలమానం. ఎవరూ ప్రయోగం చేసి కనుక్కున్న గోడ కాదు.

అయితే దీన్ని ఒట్టి అంకె అని తీసిపారేయడమూ సరి కాదు. ఆ ఉష్ణోగ్రత దగ్గర ఒక్కొక్క కణానికి వచ్చే శక్తి సుమారు 540 యూనిట్ల కరెంటుతో సమానం. ఒక మామూలు ఇంటికి మూడు నాలుగు నెలల మీటరు రీడింగు మొత్తం ఒకే ఒక్క కణంలో! అంత శక్తి 10 టు ది పవర్ మైనస్ 35 మీటర్ల ఆవరణలో ఇమిడి ఉంటుంది. అంత చిన్నచోట అంత శక్తి ఉంటే దాని గురుత్వం దాన్నే మింగేసే స్థాయికి చేరుతుంది, ఆ చోటు కృష్ణబిలంలా ప్రవర్తించాలి. అక్కడ ఏం జరుగుతుందో చెప్పాలంటే గురుత్వానికి క్వాంటం సిద్ధాంతం కావాలి. రుజువైన అలాంటి సిద్ధాంతం ఇంకా ఎవరి చేతిలోనూ లేదు. విశ్వం పుట్టిన మొట్టమొదటి క్షణంలో ఆ వేడి ఉండి ఉండాలని లెక్క, కానీ ఆ లెక్క కూడా అక్కడే ఆగిపోతుంది. కాబట్టి "మన సూత్రాలు పనిచేసే ఆఖరి ఊరు" అంటే ఒప్పుకుంటాను. "ప్రకృతి ఆఖరి ఊరు" అంటే ఎక్కువ చెప్పినట్టే.

ఇక మూడో జవాబు, మైనస్ కెల్విన్లు. ఇది వింటే ఎవరికైనా సున్నా కెల్విన్ కంటే చల్లగా అనిపిస్తుంది. కాదు. లిథియం ఫ్లోరైడ్ స్ఫటికంలో పరమాణు కేంద్రకాలు చిన్న చిన్న అయస్కాంతాల్లా ఉంటాయి. బయటి అయస్కాంత క్షేత్రంలో వాటికి తక్కువ శక్తి ఉన్న వాటం (నిలబడే తీరు) ఒకటి, ఎక్కువ శక్తి ఉన్న వాటం ఒకటి అనుకోండి. అన్నీ కింది వాటంలో ఉంటే సున్నా కెల్విన్. శక్తి ఇచ్చేకొద్దీ కొన్ని పై వాటంలోకి వెళ్తాయి, ఉష్ణోగ్రత పెరుగుతుంది. సగం కింద, సగం పైన అయినప్పుడు లెక్క ప్రకారం ఉష్ణోగ్రత అనంతం. ఇంకా శక్తి ఇస్తే సగానికి పైగా పైన చేరతాయి, అప్పుడు సూత్రంలో గుర్తు మారి మైనస్ వస్తుంది. 1951లో పర్సెల్, పౌండ్ అనే ఇద్దరు క్షేత్రాన్ని చటుక్కున తిరగేసి ఈ స్థితిని నిజంగా తెప్పించారు, అది కొన్ని నిమిషాలు నిలిచింది. 2013లో మ్యూనిక్ బృందం లేజర్ల మధ్య పట్టి ఉంచిన పొటాషియం పరమాణువుల కదలికతోనే ఇలాంటిది చేసి చూపించింది.

మైనస్ ఉష్ణోగ్రత వస్తువుని ప్లస్ ఉష్ణోగ్రత వస్తువుకి తగిలిస్తే శక్తి మైనస్ నుంచి ప్లస్‌కే పారుతుంది, ప్లస్ వైపు ఎన్ని కోట్ల డిగ్రీలు ఉన్నా సరే. ఆ లెక్కన మైనస్సే వేడి, మీకు కనిపించిన జవాబు అక్షరాలా నిజం. కానీ ఆ స్ఫటికాన్ని చేత్తో పట్టుకుంటే మామూలు రాయిలాగే ఉంటుంది, ఎందుకంటే కేంద్రకాల వాటాలకి ఉన్న శక్తి బహు స్వల్పం. పైగా ఇదంతా ఒక్క షరతు మీద నడుస్తుంది. ఆ వ్యవస్థలో శక్తికే పైన కప్పు ఉండాలి. రెండే వాటాలుంటే అన్నీ పైకెక్కాక ఇంక ఇవ్వడానికి ఏమీ ఉండదు. గాలికి, నీళ్లకి, కరిగిన లోహానికి అలాంటి కప్పు లేదు, అందుకని అవి మామూలుగా మైనస్‌లోకి వెళ్లవు. పదో తరగతి పిల్లలకి దీన్ని చెప్పకుండా వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం. ఇంటర్ రెండో ఏడాది పిల్లలకి చెబితేనే సగం మంది తల గోక్కుంటారు.

ఆ అమ్మాయికి మాత్రం ఇలా చెప్పండి: కింద హద్దు ఉంది, పైన ఉన్నట్టు ఎవరికీ ఇంతవరకు దొరకలేదు, దొరికిందనుకున్న ప్రతిసారీ ఏదో ఒక పదార్థం రూపం మార్చుకుంది. "మరి అంత వేడి కొలిచేదెలా?" అని ఆమె తప్పకుండా అడుగుతుంది. అడక్కపోతే మీరే అడిగించండి, ఎందుకంటే క్లాసులో చూపించాల్సింది అదే.

పాతరకం 60 వాట్ల ఫిలమెంటు బల్బు ఒకటి తెప్పించండి. ఇప్పటికీ కరెంటు సామాన్ల కొట్లో వెతికితే దొరుకుతుంది. బల్బు చల్లగా ఉన్నప్పుడు మల్టీమీటరుతో దాని నిరోధం కొలవండి. 65 ఓమ్‌ల దగ్గర చూపిస్తుంది, కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ. ఇప్పుడు వెలుగుతున్నప్పటి నిరోధం లెక్కగట్టమనండి: 230 వోల్టుల వర్గాన్ని 60తో భాగిస్తే సుమారు 880 ఓమ్‌లు. చల్లగా ఉన్నదానికి పదమూడున్నర రెట్లు. టంగ్‌స్టన్ నిరోధం వేడితో ఎలా పెరుగుతుందో పట్టికలున్నాయి. గది ఉష్ణోగ్రత దగ్గర ఉన్నదానికి 10 రెట్లయితే సుమారు 2,000 కెల్విన్లు, 13 రెట్లయితే సుమారు 2,500, 16 రెట్లయితే 3,000కి దగ్గర. గ్రాఫు కాగితం మీద ఆ మూడు చుక్కలు పెట్టి గీత గీయిస్తే, మీ బల్బు 2,550 కెల్విన్ల పైన ఎక్కడో పడుతుంది. అంటే దాదాపు 2,300 డిగ్రీల సెల్సియస్. స్కూలు ల్యాబులో ఉన్న ఏ థర్మామీటరూ అందుకోలేని వేడిని పిల్లలు ఒక భాగహారంతో కొలిచేసినట్టు. బల్బుకి డిమ్మర్ తగిలించి తగ్గిస్తూ పోతే వెలుగు పసుపు నుంచి నారింజకి, ఎరుపుకి దిగడం కూడా చూపించొచ్చు. పైరోమీటరు నడిచేది ఆ రంగు, ఆ వెలుగు మీదే. ఎక్కువకాలం వాడిన బల్బు దొరికితే లోపలి గాజు నల్లబడి ఉంటుంది, అది ఫిలమెంటు నుంచి ఎగిరిన టంగ్‌స్టన్. బల్బులని ఇంకా వేడిగా ఎందుకు చేయరో దాన్ని చూపించి చెప్పండి.

రెండు జాగ్రత్తలు. నిరోధం కొలిచేటప్పుడు బల్బుని హోల్డర్లోంచి తీసి, పూర్తిగా చల్లారాకే కొలవండి. గోరువెచ్చగా ఉన్నా అంకె ఎక్కువ చూపించి లెక్క తప్పుతుంది. మల్టీమీటరు ఓమ్‌ల మీద ఉండగా పొరపాటున కూడా లైన్‌కి తగలనివ్వకండి. వెలుగుతున్న బల్బు మీద పిల్లలతో ఏ కొలతా చేయించవద్దు, ఆ 880ని బల్బు మీద ముద్రించిన వోల్టులు, వాట్లతో లెక్కగట్టడమే చాలు.